బొమ్మకి బదులు రసమట్టం

చిన్నప్పుడు ఓ పుట్టినరోజుకి ఆమె అడిగింది పడుకోబెడితే కళ్ళు మూసుకునే బొమ్మ. తెస్తానని మేనమామ మాటిచ్చాడు. ఆయన తాపీమేస్త్రీ. పొద్దుటినుంచీ ఎవరింట్లోనో నేల వేస్తూ బొమ్మ సంగతే మరిచిపోయాడు. కనుబొమల్లో సిమెంటుతో గుమ్మంలోకి వచ్చాక, మేనకోడలు చాచిన చెయ్యి చూసి నాలిక్కరుచుకున్నాడు. జేబులు తడుముకుంటే ఒకదాంట్లో సుద్దముక్క దొరికింది, ఇంకోదాంట్లో అరచేతిలో ఇమిడే చిన్న రసమట్టం. దాన్నే ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది బొమ్మలా ఊరికే నిద్రపోదే. దీనికి కన్ను ఒకటే, ఎప్పుడూ మూయదు."

గాజుగొట్టంలో పచ్చటి నీళ్ళు, అందులో ఓ గాలిబుడగ. పిల్ల ముందు ఏడ్చింది. తర్వాత ముక్కు ఎగబీలుస్తూనే దాన్ని బల్ల మీద పెట్టింది. బుడగ ఓ చివరికి పరిగెత్తింది.

"బుడగ నడిమికొస్తే అంతా సమంగా ఉన్నట్టు. అంతే, ఇంకేం లేదు," అన్నాడు మామయ్య, గండం గడిచిందన్న సంబరంలో.

ఇక ఇంట్లో ఎవరికీ నెమ్మది లేకుండా పోయింది. మంచం, అలమర, కిటికీ గట్టు, ఏదీ ఆ పిల్ల చేతినుంచి తప్పించుకోలేదు. తండ్రి కునుకు తీస్తుంటే బట్టతల మీద పెట్టి, "కదలకు నాన్నా, ఎడమకి ఒరిగావు," అంది. తల్లి తల పట్టుకుంది.

"బొమ్మ తెమ్మంటే పిచ్చి తెచ్చిపెట్టావు కదరా తమ్ముడూ!"

వీధిలో ఆమెకి రసమట్టం అనే పేరు స్థిరపడిపోయింది. "ఒసే రసమట్టం, మా బల్ల ఊగుతోంది, ఓసారి చూసిపో," అని పిలిచేవారు. ఆమె వెళ్ళి, ఏ కాలు పొట్టిదో కనిపెట్టి, దాని కింద అట్టముక్క మడిచి పెట్టి, ఇంజనీరులా తలాడించి వచ్చేది.

చదువు ముగిశాక మామయ్య వెంట పనికి వెళ్తానంది. వద్దన్నవాళ్ళంతా అలిసిపోయాక వెళ్ళింది. చాలాకాలం ఆయన ఆమెకి సిమెంటు మాలు కలపడమూ, నేల పలకలు అందించడమూ తప్ప మరేదీ ఇవ్వలేదు. నేల వేసే పని ఆయన కింద పనిచేసే చిన్నమేస్త్రీ చేసేవాడు. మనిషి మంచివాడే గాని, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

ఓ బేకరీ వెనక, ట్రేలు కడిగే గదికి కొత్త నేల వేయాల్సొచ్చింది. మామయ్య ఆమెని గుమ్మం దగ్గర నిలబెట్టాడు.

"ఈ గది నీది. నేను లోపలికి తొంగి కూడా చూడను. బాగా కుదిరిందా, ఇకమీదట నేలలు నువ్వే వేస్తావు. కుదరలేదా, మళ్ళీ మాలే."

"ఆటవస్తువుతో నేల వేస్తుందట, చూద్దాం," అన్నాడు చిన్నమేస్త్రీ.

ఆమె వినిపించుకోలేదు. ఒక్కో పలకా పరిచి, రబ్బరు సుత్తితో తట్టి, రసమట్టం నిలువునా అడ్డంగా పెట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా ఉన్నా లేపి మళ్ళీ వేసింది. సాయంత్రానికి గదిలో ఎక్కడ పెట్టినా బుడగ నడుమే కూర్చుంది. ఆమె మొహం వెలిగిపోయింది.

బేకరీ యజమానురాలు వచ్చి, మెచ్చుకోలుగా చూసి, బకెట్టు నీళ్ళు గుమ్మరించింది.

నీళ్ళు నిలబడ్డాయి. అవతలి గోడ దగ్గరున్న తూము వైపు వెళ్ళలేదు, గుమ్మం వైపూ వెళ్ళలేదు. పైనున్న దీపం వాటిలో చెక్కుచెదరకుండా కనిపించింది.

"అమ్మాయీ, నేల వేయమన్నాను గాని చెరువు తవ్వమన్నానా?"

"చేపపిల్లలు తెమ్మంటారా?" అన్నాడు చిన్నమేస్త్రీ.

మామయ్య వచ్చి, చెప్పులు విడిచి, నీళ్ళలోనే గొంతుక్కూర్చున్నాడు. తన రసమట్టం పెట్టి చూశాడు.

"ఇంత సమంగా నేనూ ఎప్పుడూ వేయలేదే," అన్నాడు. "తప్పు నాది. నీ పుట్టినరోజునాడు తప్పించుకునే తొందరలో నీకు సగమే చెప్పాను. నడిమికి రావడం బల్లలకీ అలమరలకీ. నీళ్ళు తిరిగే చోట నేలకి తూము వైపు వాటం, అంటే కాస్త వాలు, ఉండాలి. బుడగ కాస్త ఎత్తువైపుకి, గుమ్మం వైపు జరగాలి."

"మళ్ళీ మాలేనా, మామయ్యా?"

"మాలు ఇంకా పచ్చిగానే ఉంది, పలకలు లేస్తాయి. నువ్వు చెప్పు."

ఆమె నీళ్ళు ఎత్తిపోసి, పలకలు లేపింది. కొత్త మాలు పరిచి, మొదటినుంచీ మొదలుపెట్టింది. ఒళ్ళు నొప్పి ఆమెకి లెక్కలోకి రాలేదు. బుడగ పక్కకి జరిగిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే సుత్తి మీదికి పోయేది, సరిచేద్దామని. చిన్నప్పటినుంచీ ఆ చేతికి తెలిసింది అదొక్కటే. పళ్ళు బిగబట్టి, దాన్ని అలాగే వదిలేసి, తర్వాతి పలకకి వెళ్ళేది. ఒరిగిన బుడగని చూస్తూ ఊరుకోవడం, ఏడుస్తున్న పసిబిడ్డని ఎత్తుకోకుండా కూర్చోవడంలా ఉంది.

నేల గట్టిపడ్డాక యజమానురాలు మళ్ళీ బకెట్టు ఎత్తింది. నీళ్ళు గదంతా పరుచుకున్నాయి. మధ్యలో ఒకచోట ఆలోచించినట్టు ఆగాయి. తర్వాత మెల్లగా కదిలి, వేగం అందుకుని, గలగలమంటూ తూములోకి దిగిపోయాయి.

"పోయాయి," అంది యజమానురాలు.

చిన్నమేస్త్రీ మూలనున్న పార అందుకున్నాడు. "రేపు మాలు గట్టిగా కలపమంటారా, పల్చగానా, మేస్త్రీగారూ?"

"ముందు నోరు కడుక్కురా, తర్వాత చెప్తా," అంది ఆమె. అని, మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి పోయే దారిలో మామయ్య అడిగాడు, "ఈసారైనా ఆ బొమ్మ కొనిపెట్టనా?"

"రెండు కొను. ఒకటి చిన్నమేస్త్రీకి."

ఆ తర్వాత ఆమె వేసిన నేలలు ఇన్నీ అన్నీ కావు. మామయ్యకి మోకాళ్ళు సహకరించని రోజులొచ్చాక ఆయన స్నానాలగదికీ ఆమే నేల వేసింది. ఆయన కుర్చీలో కూర్చుని, "వాటం, వాటం," అంటూ ప్రాణం తీశాడు. ఆయన పోయిన చాన్నాళ్ళకి కూడా ఆ మాట తలుచుకుని ఒంటరిగా నవ్వుకునేది. రసమట్టం గాజు మసకబారి, బుడగ ఎక్కడుందో తనకి తప్ప ఎవరికీ కనిపించకపోయినా, కిటికీ గట్టు మీంచి తీయనిచ్చేది కాదు.

పెద్దతనంలో చుట్టాలింటికి వెళ్తే, బాగున్నారా అని అడగడానికి ముందే చెంబెడు నీళ్ళతో స్నానాలగదిలోకి దూరేది. ఆ ఇంటి పిల్లలకి అదొక వేడుక. తలుపు దగ్గర గుమిగూడి, "పోతున్నాయా, అత్తా?" అని అరిచేవారు.

"ఉండండర్రా," అనేది లోపలినుంచి. కాసేపటికి, "ఆఁ, పోతున్నాయి, పోతున్నాయి."

అప్పుడుగాని వచ్చి కుర్చీలో కూర్చునేది కాదు.