వారం ఆగమన్న టికెట్

కార్ఖానా ఏరియాలో ఒక మేడ మీది ట్రావెల్ ఏజెన్సీలో టికెట్ల కౌంటర్ నాది. అప్పటికింకా విమానాశ్రయం బేగంపేటలోనే ఉండేది. ఢిల్లీకి మేం ఎక్కువగా అమ్మేది ఒక పాత కంపెనీ టికెట్లే. ఆ ఏడు చవక టికెట్ల కంపెనీ ఒకటి దిగింది. భోజనం పెట్టరు, మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి, టికెట్ మాత్రం సగం ధర. పాతవాళ్లు ఊరుకుంటారా? ధర తగ్గించారు. కొత్త విమానానికి పది నిమిషాల ముందే తమదీ బయల్దేరేలా టైము మార్చారు. కొత్తవాళ్లు మళ్లీ తగ్గించారు. పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు, ఆ పిల్లి మా ప్రయాణికులే అనుకున్నాను. ధర ఎప్పుడు పడుతుందో పసిగట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని పొగరు కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే నేరేడ్‌మెట్ నుంచి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చారు. గుంటూరు వైపువారు, చర్చిలో మా అమ్మకు పరిచయం. ఢిల్లీలో ఉన్న అక్కకు జబ్బు ముదిరిందట, ఒకసారి చూడాలట. మోకాళ్ల నొప్పులతో అంత దూరం రైల్లో వెళ్లలేనన్నారు. విమానం ఎక్కడం అదే మొదలు.

"ఇవాళే తీసేస్తావా అమ్మా?"

"వారం ఆగండాంటీ, ఇంకా తగ్గుతుంది."

మా ఓనర్ పక్క టేబుల్ నుంచి తలెత్తాడు. "ఆమె ఇయ్యాల్నే కావాలంటుంది గదా, ఇచ్చెయ్. వాళ్ల కొట్లాట ఎప్పుడు ఆగుతదో మనకేం ఎరుక?"

కమిషన్ కోసం అంటున్నాడనుకుని నేను వినలేదు. ఆంటీ నా మాట నమ్మి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు నిజంగానే తగ్గింది. ఐదో రోజు కొత్త కంపెనీ నష్టం ఓర్చుకోలేక ఢిల్లీ విమానం ఆపేసింది. సాయంత్రానికల్లా పాతవాళ్ల ధర మునుపటిదాన్ని దాటిపోయింది. నాలాగే ఆగినవాళ్లందరూ ఎగబడటంతో మూడు రోజుల దాకా సీటే లేదు. ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఎలాగో రైల్లో బెర్తు సంపాదించుకుని వెళ్లారు. ఆవిడ దిగేసరికి అక్క పోయి పూట గడిచింది.

నెల తర్వాత ఆంటీ మళ్లీ మా కౌంటర్‌కి వచ్చారు. తిడితే బాగుండునని ఉంది నాకు. ఆవిడ నిదానంగా కూర్చున్నారు.

"నేను మొదట వచ్చిన రోజు టికెట్ ఎంతుందమ్మా?"

చెప్పాను.

"దానికి రెట్టింపు తెచ్చుకున్నాను ఆ రోజు," అన్నారు. "తక్కువలో ఇప్పించమని నేను అడగలేదు కదమ్మా."