వియ్యపురాలు అడిగిన పాట

మా వియ్యపురాలు పోయింది. పొద్దున ఫోన్ ఎత్తితే మనవరాలు ఇంకా నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. సిరిసిల్లలో ఆ ఇంటి నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా వెనుక సాంచెల మోత ఉంటది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటరు. ఎవరన్నా పోతే ఆ గల్లీ అంతా సాంచెలు బందు పెడతరు. ఆ పొద్దు మోత లేదు.

"అమ్మమ్మా, బాపమ్మ..." అని ఆగింది పిల్ల.

"ఎరికైంది బిడ్డా" అన్న.

నా బిడ్డను వాళ్ళింటికి ఇచ్చిన నాటి నుంచి మేమిద్దరం వదినె, వదినె అనుకుంటూనే పొడుచుకునేవాళ్ళం. నేను కరీంనగర్‌లో తెలుగు పంతులమ్మగా చేసి దిగిపోయిన మనిషిని. "మా వదినె నోరు తెరిస్తే బడిగంట గొట్టినట్టే, ఇగ అందరు సప్పుడుజెయ్యక కూసోవాలె" అని పెళ్ళి పందిట్లోనే అన్నది. నేనూ ఊకోలే. "నీకు వినవడితే గద వదినె, కూసునేది" అన్న. అందరికన్నా పెద్దగా నవ్వింది ఆమెనే. ఏండ్ల తరబడి సాంచెల నడుమ నూలు కండెలు చుట్టిన మనిషి. దగ్గరకొచ్చి అరిస్తే సగం మాట చెవికెక్కేది, తక్కిన సగం మన పెదవులు చూసి తెలుసుకునేది.

అసొంటి ఇంట్లో పాటల గ్రూపు పుట్టింది. ఇంటర్ చదివే మా మనవరాలు, దాని దోస్తులు స్రవంతి, నవ్య. మాటలు వాళ్ళే కట్టుకుని, వాయిద్యాలేవీ లేకుండా ఉత్త గొంతులతో పాడేవాళ్ళు. గ్రూపు పేరు 'టకటక'. "గదేం పేరే, పోపుల ఆవాలు ఎగిరినట్టు" అని మూతి తిప్పింది వియ్యపురాలు. తిప్పుకుంటూనే కండెలు చుట్టే అర్ర సగం ఖాళీ చేసి ఇచ్చింది. పాడే పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి వినేది. "ఇయ్యాల నీది గొంతులనే ఉన్నది, కడుపులకెల్లి రాలే. తిన్నవా లేదా?" అని నవ్యను అడిగేది. చాలాసార్లు ఆ పిల్ల తినకుండానే వచ్చి ఉండేది.

మొదటి కచేరి కరీంనగర్‌లో ఒక కాలేజీ హాల్లో. మా పిల్లలు పాట ఎక్కడ నేర్చుకున్నరో అక్కడ బయటపడ్డది. ఇంట్లో దరువంతా పక్క అర్రలోని సాంచెలే వేసేవి, వీళ్ళు గొంతు కలిపితే సాలు. హాలు చూస్తే చడీచప్పుడు లేదు. ఒకతె ముందురికింది, ఒకతె వెనకవడ్డది. పైగా మోత మీద పాడిన అలవాటుకు మైకు పట్టుకుని అరిచిన్రు. ముందు వరుసలో పెద్దసార్లు చెవులు మూసుకున్నరు. మా మనవరాలి కండ్లలో నీళ్ళు తిరిగినయి.

వియ్యపురాలికి పాట వినపడలేదు గానీ ముఖాలు కనపడ్డయి. కాలి చెప్పు తీసి కుర్చీ చేతి మీద సాంచె దరువు కొట్టుడు మొదలువెట్టింది.

"వదినె, అందరు మనదిక్కే సూస్తున్నరు" అన్న, సిగ్గుతో చచ్చిపోతూ.

"సూడనీ. గా పిల్లలు సూడాలెనని గద కొడుతున్న."

చూసిన్రు. ఆ చెప్పును చూసి ముగ్గురూ ఒక్క గొంతైన్రు. సంగీతాన్ని చెప్పుతో కొడితే బాగుపడ్డ సందర్భం నేను అదొక్కటే చూసిన.

తర్వాత నిర్మల్ పిలిచింది, చెన్నూరు పిలిచింది. ఫోన్లలో వాళ్ళ వీడియోలు తిరిగినయి. అంతా రెండు బతుకమ్మల నడుమ ముచ్చట. హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి, స్రవంతి ఒక్కతె గొంతు చాలన్నరు. అది పోయింది. పోయినందుకు కాదు, చెప్పకుండా పోయినందుకు మా మనవరాలు దానితో మాట బందు పెట్టింది. నవ్య ఇద్దరి నడుమ నలిగి, పాడుడే మానుకున్నది. 'టకటక' కథ అంతే.

వియ్యపురాలు మాత్రం ఆ సగం అర్రలో మళ్ళీ ఏ సామానూ పెట్టనియ్యలేదు. "పిల్లలు అస్తరు" అనేది.

మొన్నటి ఎండాకాలం గుండె జబ్బుతో మంచం పట్టింది. నేను పోయినప్పుడల్లా నా భుజం మీదుగా వాకిట్లకు చూసేది.

"నువ్వొక్కదానివేనా వదినె?"

"ఏం, నేనొక్కదాన్ని సాలనా?"

"సాలుతవ్. నీ ఒక్క నోరే ముగ్గురి పెట్టు." నవ్వు ఆగినంక నా చెయ్యి పట్టుకున్నది. "ఒక్కసారి ముగ్గురిని నా కాడికి తోలుకరా. పాడకున్నా మంచిదే, నోర్లు కదిలిస్తే సాలు. నాకు ఎట్లాగు వినవడది."

స్రవంతికి ఫోన్ చేసిన. "దాన్ని పిలవమను అమ్మమ్మా, తెల్లారే బస్సెక్కుత" అన్నది. మనవరాలినడిగితే, "పోయింది అది. రావాల్సింది అదే" అన్నది.

"మీ పౌరుషాలు పాడుగాను. ముసల్ది అంతదాక ఆగుతదానే?" అని తిట్టిన.

ఆగుతదనే అనుకున్నరు. ఆ వయసు పిల్లలకు ముసలివాళ్ళు ఎప్పటికీ ముసలివాళ్ళుగా ఉండేవాళ్ళే గానీ పోయేవాళ్ళు కారు. జీవితమంతా పిల్లలను అదిలించి కూసోబెట్టిన నోరు నాది. ఈ ఇద్దరిని కలిపి ఒక్కచోట కూసోబెట్టలేకపోయిన.

మూడోనాడు పోయినామె పేరున పిట్టకు అన్నం పెట్టిన్రు. స్రవంతి వచ్చింది. నేరుగా పెరట్లోకి పోయి, నల్లా కింద బూడిదతో ఎంగిలి పళ్ళాలు తోముతున్న మా మనవరాలి పక్కన కూసున్నది. వీళ్ళు తోముతుంటే నవ్య కడుగుతున్నది. కొంచెం సేపైనంక నవ్య సన్నగా కూనిరాగం అందుకున్నది. స్రవంతి తల ఎత్తకుండానే కలిసింది. మా మనవరాలు పాడలేదు. పాట వినపడాలెనని బూడిద చేతితోనే నల్లా బందు చేసింది.