అన్‌ప్రెసిడెంటెడ్ కరువు

ఇంగ్లీషు మాట ఒకటి కొత్తగా నేర్చుకుంటే, నలుగురి ముందూ వాడేదాకా అన్నం సయించని రోజులవి. ఎనభైల మొదట్లో అనంతపురంలో డిగ్రీ చదువుతూ, మా ఊరివాళ్ళ అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. (ఇంగ్లీషులో ఉంటేనే అర్జీ ఆఫీసులో కదులుతుందని మావాళ్ళ నమ్మకం. కదిలినట్టు చూసినవాళ్ళు మాత్రం లేరు.) ఆ ఏడు వానల్లేక వేరుశనగ ఎండింది, ఊరికున్న ఒక్క బావీ అడుగంటింది. ఆడవాళ్ళం రెండు మైళ్ళ నుంచి బిందెలు మోస్తున్నాం. బోరు కోసం అర్జీ రాయమన్నారు.

సరిగ్గా ఆ వారమే డిక్షనరీలో నాకొక విశేషణం దొరికింది: అన్‌ప్రెసిడెంటెడ్! ముందు నడవడం అనే లాటిన్ మాటలోంచి పుట్టిందట. మొదట్లో 'అన్' తగిలిస్తే, ఇదివరకెన్నడూ జరగనిది అని అర్థం. ఎంత గంభీరంగా ఉందో! ఒక్క పేజీలో నాలుగుసార్లు వాడాను. చదివి వినిపిస్తే నాయన పొంగిపోయి, "ఆ మాట ఇంకోతూరి సదువు పాపా" అన్నాడు.

అర్జీ పట్టుకుని ఇంజినీరుగారు జీపులో రానే వచ్చాడు! ఆయన నేరుగా, ఖాళీ బిందెతో నిలబడ్డ మా అవ్వ దగ్గరికెళ్ళి, "ఏమవ్వా, ఇట్లాంటి కరువు ముందెప్పుడూ రాలేదా?" అని అడిగాడు. నేను వెనకనుంచి సైగలు చేస్తూనే ఉన్నాను. అవ్వ చూస్తేగా!

"యాడ సామీ! పోయినేడూ వచ్చె, అంతకు ముందేడూ వచ్చె. నేను కాపరానికొచ్చిన ఏడూ వచ్చె. అది మా ఇంటి సుట్టం మాదిరి."

"అయిపాయె మన బోరు," అని గొణిగాడు నాయన. నాకు ఏడుపే తక్కువ. "ఎందుకవ్వా అట్లంటివి?" అంటే, "అబద్ధం రాసి తవ్వితే నీళ్ళు పడవు పాపా," అంది తొణక్కుండా.

ఇంజినీరు పకపకా నవ్వి, నా నాలుగు మాటలూ కొట్టేసి, పైన 'పెరెన్నియల్' అని రాశాడు. "ఏడాది పొడుగునా ఉండేదని అర్థం. నదులకు వాడతారు. మీకు నది లేదు కదమ్మా, కరువుకే వాడుకుందాం," అని సంతకం పెట్టేశాడు.

నెల తిరక్కుండా బోరు బండి వచ్చింది. నీళ్ళు పైకి చిమ్మగానే ఊరంతా బురదలో గంతులేశాం! అవ్వ మొదటి బిందె నింపుకుని నావైపు తిరిగింది.

"ఇట్లా నీళ్ళు ఈ ఊర్లో ఎన్నడూ పడ్లేదు పాపా. ఇప్పుడు రాసుకో నీ మాట."

తర్వాత పాతికేళ్ళు ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. ఆ మాటకు అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, డిక్షనరీ చంకనపెట్టుకు తిరిగిన ఆ పొగరుబోతు పిల్లను తలుచుకుని నవ్వుకునేదాన్ని. ఉదాహరణగా మాత్రం మా అవ్వ బిందెనే చెప్పేదాన్ని.