పట్టాల వెంట ఎనిడ్

పళ్ల డాక్టరు ఎనిడ్ థ్రపుల్ ప్రతి ఆదివారం కొట్టంలోంచి తన చిన్న విమానాన్ని లాగి, మడిచిన రెక్కలు విప్పి, తోలుటోపీలో జుట్టు దోపుకుని ఎగురుతుంది. దిక్సూచిని నమ్మదు. రైలు పట్టాల వెంటే పోతుంది; దారి తప్పితే బాగా కిందుగా ఎగురుతూ స్టేషను బోర్డు చదువుకుంటుంది. మొన్న ముందు సీట్లో తల్లిని ఎక్కించుకుంది. మబ్బు కమ్మింది, పెట్రోలు అడుగంటింది. ఒక స్టేషనులో ఊరిపేరు కనబడలేదు. కాసేపటికి మళ్లీ ఒక ప్లాట్‌ఫారం కనిపిస్తే ఎనిడ్ ఉత్సాహంగా దాని మీదుగా దూసుకెళ్లింది.

“ఏ ఊరే?” రెండు సీట్లనీ కలిపే మాటల గొట్టంలోంచి తల్లి అడిగింది.

“ప్లమ్లీ ఆవపిండి అనుందమ్మా.”

“అది ప్రకటనే, మొద్దూ. ఇందాకటి ఊళ్లోనూ అదే ఉంది.”

మరో చుట్టు తిరిగొచ్చేసరికి స్టేషన్ మాస్టరు బయటికొచ్చి ఏదో అరుస్తున్నాడు.

“ఆ చప్పుడు ఆపవే, ఆయనేదో చెబుతున్నాడు.”

ఎనిడ్ నిజంగానే ఇంజను నోరు నొక్కింది. గాలిలో “హాక్స్‌బీ” అన్న కేక తేలివచ్చింది.

“మనూరేనే,” తల్లి పకపకా నవ్వింది. “ఇందాకటిదీ ఇదేనన్నమాట.”