పొన్నూరు పెళ్ళిచూపులు, నా 'నాట్ నెసెసరీ'

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నోట్లో ఒక ఇంగ్లీషు ముక్క ఉంటే జేబులో పెన్ను ఉన్నంత ధైర్యంగా ఉండేది. (పెన్నులో సిరా ఉందా లేదా అన్నది వేరే సంగతి.) నాకు చిన్నప్పటి నుంచీ రోజూ డైరీ రాసే అలవాటు, ఏ పూట ఏ కూర తిన్నానో కూడా వదలను. అలాంటి నేను నా పెళ్ళిచూపుల నాటి పేజీలో మాత్రం "పొన్నూరు వెళ్ళి వచ్చాము. ఏమీ అర్థం కాలేదు" అని రాసి ఊరుకున్నాను. అదేమిటో విడమర్చి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అప్పట్లో నేను గుంటూరు దగ్గర ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. మా మేనేజరు గారికి ఒక ఊతపదం ఉండేది. బేళ్ళు కొనడానికి వచ్చిన పెద్ద వ్యాపారులు ఏదైనా అడిగితే, కాగితం మీంచి తలెత్తకుండానే "నాట్ నెసెసరీ" అనేవారు. అంతటితో ఎదుటివాడి నోరు మూతపడేది. నెసెసరీ అంటే అవసరమైనది, లేకపోతే గడవనిది అని నిఘంటువులో చూసుకున్నాను. కానీ నాకు నచ్చింది అర్థం కాదు, అనడంలోని దర్జా. బస్సులో, మంగలి షాపులో, మెస్సులో వాడి చూశాను. మెస్సులో మారు వడ్డించడం మానేశారు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

పొన్నూరుకు మా పెదనాన్న తీసుకెళ్ళాడు. (సింగరాయకొండ దగ్గర పొగాకు, మిరప పండించే మనిషి, ఆయన గుసగుసలాడితే పక్క వీధికి వినపడుతుంది.) "ఏరా, అక్కడ మూగమొద్దులా కూర్చోకు. ఉద్యోగస్తుడివి, నాలుగు ముక్కలు మాట్లాడు" అని దారంతా నూరిపోశాడు. అమ్మాయి వచ్చి కూర్చోగానే నా చెవిలో, "పిల్ల బాగుందిరా" అన్నాడు. ఇల్లంతా విన్నది. అమ్మాయి తల దించుకుని, పెదవి బిగబట్టి, ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుతో నా మనసు అక్కడే కూలబడింది. ఇక ఇంకో సంబంధం చూడనక్కర్లేదనుకున్నాను.

మా వైపు మర్యాదకు ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు ఏది పెట్టినా ముందు వద్దనాలి. ఇంటివాళ్ళు ఆ మాట వినిపించుకోకూడదు. మళ్ళీ వద్దనాలి, మళ్ళీ బతిమాలాలి. చివరికి 'మీరింత చెబుతున్నారు కాబట్టి' అన్న మొహంతో తీసుకోవాలి. అమ్మాయి తండ్రి సున్నుండల పళ్ళెం నా ముందుకు జరిపి, "మా ఇంట్లో చేసినవే, తీసుకోండి బాబూ" అన్నారు. పద్ధతి ప్రకారం వద్దనాలిగా. "నాట్ నెసెసరీ అండి" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, మారు మాట్లాడకుండా పళ్ళెం లోపలికి పంపించేశారు. రెండోసారి ఎప్పుడు అడుగుతారా అని నేను గడప వైపు చూస్తూ కూర్చున్నాను. ఈసారి ఆయన, "అమ్మాయితో ఏమైనా మాట్లాడతారా?" అన్నారు. గుండె గంతేసింది. అడగ్గానే లేస్తే మరీ ఆత్రం అనుకోరూ? ఇంకొంచెం దర్జాగా, "నాట్ నెసెసరీ" అన్నాను. అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోయింది. "సరేనండి, మంచిది" అంటూ ఆయన కూడా లేచారు.

తిరుగు బస్సులో పెదనాన్న నా వైపు తిరిగాడు. "పిల్ల నచ్చలేదేంట్రా?" అన్నాడు.

"చాలా నచ్చింది పెదనాన్నా."

"మరి ఆ కూత ఏంది?"

"మర్యాదకి అన్నాను."

"మర్యాదకి వద్దంటే సాగదీసి వద్దనాలిరా. నువ్వు కలెక్టరు ఆర్డరేసినట్టు అంటివి. ఇంకెవడు అడుగుతాడు? సున్నుండలు కూడా పోయినయ్."

నాకు మాత్రం ఏం పాలుపోలేదు. తెలుగులో వద్దంటే కావాలని అర్థం చేసుకునేవాళ్ళు, ఇంగ్లీషులో వద్దంటే వద్దని ఎందుకు అనుకోవాలి? (మేనేజరు గారిని అడుగుదామనుకున్నాను. ఆయన ఏమంటారో తెలుసు కాబట్టి అడగలేదు.) ఈలోగా వాళ్ళు వేరే సంబంధం చూస్తున్నారని మధ్యవర్తి కబురు తెచ్చాడు. ఆ పూట అన్నం సహించలేదు. పెద్దవాళ్ళు లేకుండా పెళ్ళికొడుకు ఆడపిల్లవాళ్ళింటికి ఒంటరిగా వెళ్ళడం మా వంశంలో లేదు. అయినా సెలవు పెట్టి పొన్నూరు బస్సెక్కాను.

అమ్మాయి తండ్రి వరండాలోనే ఉన్నారు. నన్ను చూసి కంగారుపడ్డారు. "ఏమైనా మర్చిపోయారా?" అన్నారు.

"లేదండి. మీ అమ్మాయిని చేసుకోవాలని అడగడానికి వచ్చాను."

"అదేంటండీ, ఆ రోజు వద్దంటిరిగా?"

"మొహమాటపడి అన్నానండి."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "తెలుగులో వద్దంటే బతిమాలేవాణ్ణే బాబూ. ఇంగ్లీషులో అనేసరికి ముందే వద్దని ఖాయం చేసుకునే వచ్చారనుకున్నా" అన్నారు.

తలుపు చాటునుంచి ఒక గొంతు వినిపించింది. "ఈసారి తెలుగులోనే మొహమాటపడమను నాన్నా. ఇంగ్లీషులో పడితే మనకెట్టా తెలుస్తది?"

అది ఒప్పుకోవడమో, ఎగతాళో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు, తలుపు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "ఎండలో నిలబడ్డారు, లోపలికి..." అన్నారు. 'రండి' అనేలోపే నా కాలు గడప దాటింది.

మా ఆవిడ గొంతు ఆ తలుపు చాటు వదిలి మా ఇంటికొచ్చి చాలా కాలమైంది. నేనిప్పుడు ఏదైనా అవసరమా కాదా అని నాలుగు రోజులు ఆలోచించి గానీ తేల్చుకోను. ఆ ఎండలో నిలబడ్డవాడు గుర్తొస్తే మాత్రం నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. ఏమీ అర్థం కాకుండానే ఒకటి అంత గట్టిగా కావాలనుకోవడం వాడికి చేతనయింది.