ఆ పాపం ఎవరి పేరున

మా ఓనరమ్మ పోయిందని నంద్యాల నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఆళ్లగడ్డ షెడ్డులో రాయి కోసే మిషను వైరు విప్పుకోని కూర్చోనుండా. వారం నుంచి ఆస్పత్రిలో ఉండాదని తెలుసు. రేపో మాపో ఇంటికొస్తుందని ఆమె అల్లుడు చెప్తానే ఉన్యాడు. ఫోను పెట్టేసినాక ఏం చేయాల్నో తెలీలేదు. విప్పిన వైరు మళ్లీ బిగించి, అప్పుడు లేచినా. పని సగంలో వదిలి పోతే ఆమె తిట్టేది.

ఆమె ఎవరో మీకు చెప్పాల. నంద్యాలలో తరాలుగా అంగడి నడిపే ఇంటి కోడలు. భర్త ఆళ్లగడ్డలో శిల్పాల పని పెట్టి, మలేసియాలో గుడి కట్టే కాంట్రాక్టు పట్టి, పని మొదలు కాకముందే గుండెపోటుతో పోయినాడు. షెడ్డు అమ్మేయమని చుట్టాలంతా చెప్పినారు. ఆమె వినలేదు. పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కి, దారంతా కునుకు తీసి, ఆళ్లగడ్డలో కండక్టరు లేపితే దిగేది. చేతిలో మాకోసం బొరుగుల ఉగ్గాని డబ్బా. నేను ఆ షెడ్డుకు కరెంటు పని చేసేవాణ్ణి. "నాకు రాయీ తెలీదు, కరెంటూ తెలీదప్పా" అని మొదట్లోనే చెప్పేసింది. "మీరు చెప్పండి, నేను వింటా. అబద్ధం మాత్రం చెప్పాకండి."

మా శిల్పులకు ఒక పట్టింపు ఉంది. దేవుడయ్యే రాయి ముందర చెప్పులేసుకోరు. ఉలి పట్టినా, కరెంటు మిషను పట్టినా వట్టికాళ్లే. ఈడ ఎండలకు నేల పొడిగా ఉంటాది కాబట్టి ఎట్లనో జరిగిపోతాండె. కాంట్రాక్టు పనికి ఓనరమ్మ వాళ్లను మలేసియాకు పంపితే, ఆడ రోజూ వాన. ఆ తడినేల మీద నిలబడి మిషను ఆన్ చేసినాడు మా కోయిలకుంట్ల శిల్పి. వైరు ఒకచోట చీలి ఉండె. ఆడికాడికే పోయినాడు. ముప్పై ఏండ్లు కూడా లేవు.

చీలిన వైరు చూడాల్సింది ఎవరు? గుడి కమిటీని అడిగితే కాంట్రాక్టు పట్టిన మీరే అనె. ఆడుండే మా ఏజెంటును అడిగితే, కరెంటు ఇచ్చిన కంపెనీ అనె. ఆ కంపెనీవాళ్లు, మా పని మెయిన్ స్విచ్చి బోర్డు వరకే, ఐనా వట్టికాళ్లతో మిషను పట్టమని ఎవరు చెప్పినారు అనిరి. దేశంకాని దేశంలో ప్రాణం పోతే అందరి చేతులూ కడిగిన చేతులే.

శవం వచ్చినాక ఓనరమ్మ వెంట నేనూ కోయిలకుంట్లకు పోయినా. వాళ్లమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఒకే మాట అడిగింది. "మావాణ్ణి చూసుకునేదానికి ఆడ మీవాళ్లు ఎవరున్యారమ్మా?"

నంద్యాలలో ఇంటి ముందర కారు దిగి ఓనరమ్మ అనింది, "ఆ తల్లికి చెప్పేదానికి నాకాడ పేరు లేదప్పా. ఒక్క పేరు లేదు."

ఆ తర్వాత నన్ను మలేసియాకు పంపించింది. "ఆడ కరెంటుకు నువ్వే. ఏజెంటు కాదు, కమిటీ కాదు. నువ్వు ఆపితే నేను ఆపినట్టు. నీ పైన నేనుండా, నా పైన ఇంగెవరూ లేరు." నేను లేని రోజు కరెంటు ఎవరిదో పొద్దున్నే అందరి ముందర గట్టిగా చెప్పి, మెయిన్ స్విచ్చి తాళం వాని చేతికే ఇయ్యాలని ఆమె రూలు. "నలుగురు చూసే పాలు పొంగిపోతాయిరా" అనేది. ఏ పని చెప్పినా పూర్తిగా విని, "సరే, దీనికి ఎవరు?" అని అడిగేది.

నేను పోయి చీలిన వైర్లన్నీ పారేసినా. తేడా వస్తే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్చీలు పెట్టించినా. అదంతా నా చేతిలో పని. శిల్పుల కాళ్లు మాత్రం నా చేతిలో లేవు. కరెంటు పట్టని రబ్బరు బూట్లు తెప్పిస్తే ముట్టుకోలేదు. "దేవుని ముందర బూట్లా? వంశానికి పాపం తగులుతాది" అన్యాడు మా పెద్ద శిల్పి. నాకు ఒళ్లు మండింది. మెయిన్ ఆపేసి తాళం జేబులో ఏసుకున్యా. ముహూర్తం దగ్గరపడతాంది అని కమిటీవాళ్లు ఎగిరినారు. ఓనరమ్మకు ఫోన్ చేసి, వీణ్ణి తీసేయమన్యారు. ఆమె తీసేయలేదు, తనే విమానమెక్కి వచ్చింది.

వచ్చి, బూట్లను రాయి ముందర వరసగా పెట్టింది. ఆయుధపూజనాడు సుత్తికీ ఉలికీ పెట్టినట్టే పసుపు కుంకుమ పెట్టింది. "ఇవీ పనిముట్లే సామీ. ఈ కొట్టం దాటి బయటికి పోవు."

పెద్ద శిల్పి కదల్లేదు. "ఏం పెట్టినా పాపం పాపమే కదమ్మా."

"పాపమే అనుకో. నా పేరున రాసుకోమని నువ్వే దేవునికి చెప్పు. ఇంగో తల్లి ముందర మాత్రం నేను నిలబడలేను."

ఆయన రాయి వైపు చూడకుండా, తల పక్కకు తిప్పుకోని బూట్లేసుకున్యాడు. మిగతావాళ్లూ ఏసుకున్యారు. నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

ఆమె అది మాటవరసకు అనలేదని నాకు తర్వాత తెలిసింది. నిజంగానే పాపమని నమ్మింది. నమ్మే నెత్తిన పెట్టుకునింది. ఇండియాకు వచ్చినాక ప్రతి శనివారం అహోబిలం పోయి, మోకాళ్లు నొస్తాన్నా మెట్లెక్కేది. ఏందమ్మా, మొక్కా అని అడిగితే, "ఆయనకు చెప్పుకోవాల్సింది ఉందిలే" అనేది.

ఆస్పత్రిలో నేను చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకునింది. "తప్పు చేసినానంటావా?"

"లేదమ్మా. మళ్లీ ఆడ ఎవరికీ ఏమీ కాలేదు కదా."

"అది కాదప్పా నేనడిగేది" అని గోడ వైపు తిరిగింది. నేను కరెంటు మనిషిని, దానికి ఏం చెప్తా? దుప్పటి సరిజేసి వచ్చేసినా. ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండె. ఇప్పటికీ అదే గుర్తొచ్చి ఏడుపొస్తాది.

ఆమెను సాగనంపి వచ్చినాక మలేసియాకు వీడియో ఫోన్ చేసినా. మొదటి గుడి అయినాక నేను తాళం ఇంగొకరికిచ్చి వచ్చేసినా, ఆడ ఇప్పుడు రెండో గుడి జరుగుతాంది. పెద్ద శిల్పి మెయిన్ ఆపించి, నేను చెప్పిందంతా నిలబడి విన్యాడు. ఆస్పత్రిలో ఆమె అడిగింది కూడా చెప్పినా. ఫోను గోడకు ఆనించి, రాయి దగ్గరికి పోయినాడు. బూట్లు ఇప్పుతాడనుకున్యా. ఇప్పలేదు. అట్లే సాష్టాంగం పడినాడు. చానాసేపటికి లేచి వచ్చినాడు.

"ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసుకోమని చెప్పినాలే అప్పా" అన్యాడు.

ఆయన వెనకాల శిల్పులు ఒక్కొక్కరే పోయి రాయి ముందర పడినారు. ఫోనులో నాకు కనపడేది వాళ్ల బూట్ల అడుగులే, వరసగా, తడితడిగా.