దువ్వాడలో రెండు నిమిషాలు

హోటల్ గదిలో సూట్‌కేసు తెరవగానే సగం ఆరిన తువాలు కంపు గుప్పుమంది. ఆసుపత్రులకు మెషీన్లు అమ్మే ఉద్యోగం నాది. నెలలో ఇరవై రోజులు ఇదే బతుకు. "నీకేమే, విమానాల్లో తిరుగుతావు" అనేవాళ్లను పట్టుకొచ్చి ఒక్కసారి ఈ కంపు పీల్పించాలి. నాకు మాత్రం ఇది మా నాన్న మాసిన బట్టల సంచీ వాసన.

నాన్న స్టీలు ప్లాంట్లకు కన్వేయర్ బెల్టులు అమ్మే కంపెనీలో చేసేవాడు. మేం కూర్మన్నపాలెంలో ఉండేవాళ్లం, ఆయన రైళ్లలో ఉండేవాడు. రూర్కెలాలో పని ముగించుకుని, ఇంటికి రాకుండానే చెన్నై పోవాల్సి వచ్చినప్పుడల్లా ఆయన బండి మా ఇంటికి దగ్గరి దువ్వాడ స్టేషన్లో రెండు నిమిషాలు ఆగేది. ఆ రెండు నిమిషాల కోసం అమ్మ పొద్దున్నే లేచి, చొక్కాలు ఇస్త్రీ చేసి, చేపల పులుసూ వేడన్నమూ క్యారేజీలో సర్ది, ఎండాకాలమైతే కొత్తావకాయ, వానాకాలమైతే వేయించిన వేరుశెనగలు, క్రిస్మస్ రోజులైతే నూనె వాసన ఇంకా పోని గులాబీ పువ్వుల పిండివంట డబ్బాలో పోసి, నన్ను ఆటోలో కూలేసేది.

"బేగి నడవ్వే గుంటా, బండొచ్చేత్తన్నాది!"

ఉతికిన బట్టల సంచీ లోపలికి, మాసిన బట్టల సంచీ బయటికి. "మాత్రలేసుకుంటన్నారా?" అని అమ్మ అడిగేలోపు కూత. పన్ను ఊడిన సంగతి, తొక్కుడుబిళ్లలో పక్కింటి పిల్లను ఓడించిన సంగతి చెప్పాలని దారంతా వరస కట్టుకునేదాన్ని. ఒక్కటీ నోట్లోంచి ఊడిపడేది కాదు.

నా మూడో తరగతిలో చర్చి వాళ్లు క్రిస్మస్ కార్యక్రమంలో దేవదూత వేషం నాకిచ్చారు. అప్పటిదాకా నేను వేసిన ఏ వేషమూ నాన్న చూడలేదు. సాయంత్రం కార్యక్రమం, ఆ మధ్యాహ్నమే ఆయన బండి. ఇంకేముంది, ఎలాగైనా దింపేయాలని ఒట్టు పెట్టుకున్నాను. సంచీ అందించినట్టే అందించి, రెండు చేతులతో చొక్కా పట్టుకుని వేలాడాను.

"దిగిపో నాన్నా! నా ఏషం సూడవా?"

నాన్న ఒక కాలు ప్లాట్‌ఫాం మీద పెట్టాడు. నిజంగా పెట్టాడు. గెలిచానని గర్వంగా అమ్మ వంక చూశాను. అంతలో బండి కదిలింది. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎక్కేశాడు.

"ఏడవకే. ఆయన మాత్రం ఏటి సేత్తారు?" అంది అమ్మ, తనూ కళ్లు తుడుచుకుంటూ. ఆ సాయంత్రం అట్ట రెక్కలు కట్టుకుని నిలబడ్డాను గానీ, బట్టీ పట్టిన నాలుగు ముక్కలూ మర్చిపోయి స్టేజీ మీదే భోరుమన్నాను.

ఈమధ్యే నాన్నని అడిగాను, ఆ రోజు ఎందుకు దిగలేదని.

"రెండో కాలు కూడా దించీసుంటే నాను మరి ఎక్కలేకపోదును తల్లీ. ఆ భయానికే ఎక్కీసాను."

ఇన్నేళ్లుగా దాచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో నాకు తోచలేదు.

ఇప్పుడు సంచీలు పట్టుకుని స్టేషనుకు పరిగెత్తేవాళ్లు లేరు. ఇస్త్రీ హోటల్లో, అన్నం ఫోన్లో. నా టాక్సీ వస్తే ఆరేళ్ల మా అబ్బాయి టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెయ్యూపుతాడు. నిన్న బయల్దేరుతూ ఉండబట్టలేక నేనే అడిగాను: "వెళ్లకుండా ఉండిపోనా రా?"

"ఎందుకమ్మా?" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగాడు.